రాణీ రంగు ప్రశ్నకు టీకా తాత్పర్యము

మూలము

"అన్నా నమస్తే. నా బొమ్మంతా గులాబీ అయిపోయింది. నేనేం చెయ్యలేదు. నిన్న బానే ఉంది. ప్లీజ్ అర్జంట్."

దీనికి పెద్దల సమాధానము

"ప్యాక్ చేసుకోవాల్సింది."

అవతారిక

శాస్త్రం మొదలుపెట్టే ముందు విషయం, అధికారి, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ తేల్చుకోవడం మన వ్యాఖ్యాతల ఆచారం. ఇక్కడ విషయం బ్లెండర్. త్రీడీ బొమ్మలు చెక్కి, రంగులు పూసి, దీపాలు పెట్టి, వాటిని నడిపించి సినిమా తీయగల సాఫ్ట్‌వేర్ ఇది. దీన్ని మొదలుపెట్టినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన టోన్ రోజెండాల్. అతని కంపెనీ మూతపడ్డాక 2002లో ఏడు వారాల్లో లక్ష యూరోల చందా పోగై దానికి విడుదల దొరికింది. ఆ ఏడాది అక్టోబరు 13న అది అందరి సొత్తయింది. 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా యానిమేషన్ చిత్రం 'ఫ్లో' తయారైంది దీనితోనే. పైసా ఖర్చు లేదు కనుక డిగ్రీ కుర్రాడి ల్యాప్‌టాప్‌లోకైనా ఇట్టే దిగుతుంది. దిగిన వారానికల్లా పై ప్రశ్న పుడుతుంది. ప్రయోజనం: బొమ్మకు దాని రంగు తిరిగి రావడం. సంబంధం: ప్రశ్నకూ జవాబుకూ నడుమ ఉండవలసినది. పై మూలంలో అది కనబడటం లేదు కనుకనే ఈ టీక.

కర్త ఎవరో తెలియదు. ఈ మాటలు ఏ ఒక్కరివీ కావు. ఊరు మారుతుంది, వెర్షన్ మారుతుంది, 'అన్నా' ఉన్నచోట 'బ్రో', 'సార్' చేరతాయి, 'గులాబీ'కి 'పింక్' అనే పాఠాంతరం కొన్ని ప్రతుల్లో ఉంది. సారం మాత్రం చెక్కుచెదరదు. ఇన్ని నోళ్ళ నుంచి ఇంత స్థిరంగా వెలువడే వాక్యాన్ని అపౌరుషేయం అనడానికి ఈ వ్యాఖ్యాతకు సంకోచం లేదు.

అధికారి ఎవరన్నదే చిక్కు. నిపుణులు కొలువుదీరిన ఆన్‌లైన్ గోష్ఠిలో మన ప్రశ్నకర్త వట్టి 'బిగినర్'. ఆ మాటను అక్కడ ఇంచుమించు 'ఏమీ తెలియనివాడు' అనే అర్థంలోనే వాడతారు. మన శాస్త్రకారులు ఈ విషయంలో ఇంకాస్త జాగ్రత్తపరులు. 17వ శతాబ్దపు ఆంధ్రుడు అన్నంభట్టు తర్కసంగ్రహం రాస్తూ, ఇది బాలురు సుఖంగా తెలుసుకోవడానికి అన్నాడు. ఆ 'బాలుడు' ఎవడని వ్యాఖ్యాతలు ఆరా తీశారు. పాలు తాగే పిల్లవాడు కాదనీ, వ్యాకరణమూ కావ్యమూ కోశమూ చదివి న్యాయశాస్త్రం మాత్రం ఇంకా చదవనివాడనీ తేల్చారు. ఎంత మర్యాదైన నిర్వచనమో చూడండి. బాలుడంటే వేరే చదువులు చదువుకుని, ఈ ఒక్క గడప దగ్గర నిలబడ్డవాడు. పదేళ్ళుగా పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తున్న మనిషి రంగుల పొందికలో గోష్ఠిలోని సగం మందికి పాఠం చెప్పగలడు. నగల డిజైన్లు గీసే మనిషికి వంపు సొంపులు కొట్టిన పిండి. బ్లెండర్ దగ్గర ఇద్దరూ బాలురే. ఇంకో సంగతి: బాలుర కోసమే రాసిన పుస్తకానికి అన్నంభట్టు మళ్ళీ తానే దీపిక అని ఒక వ్యాఖ్య రాయవలసి వచ్చింది. అంతా విడమరిచే చెప్పానన్న నమ్మకం మీద పండితుడు ఎంతవరకు ఆనుకోవచ్చో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది.

టీక

'అన్నా' అనునది సంబోధన. ముక్కూ మొహం తెలియని మనిషితో వరస కలపడం. వరస కలిపితే బాధ్యత అంటగట్టినట్టేనని తెలుగునాట ఆర్టీసీ కండక్టరుకూ, కూరగాయల బండివాడికీ తెలుసు. పెద్దలకు ఇది అతిచనువుగా తోస్తుంది. అవతల ఉన్నది అక్క కావచ్చునన్న శంక మూలంలో లేకపోవడం ఒక లోపమే. 'నమస్తే' మంగళాచరణం. 'నా బొమ్మంతా' అన్నచోట 'అంతా' అతిశయోక్తి. నిజానికి ఫొటో అతికించిన భాగాలు మాత్రమే అలా మారతాయి, ఉత్త రంగు పూసిన కిటికీ చట్రం తన రంగులోనే ఉంటుంది. ఈ తేడా పట్టుకుంటే రోగం సగం దొరికినట్టే. అయితే ఆ తేడా చూడాలని తోచడానికి రోగం పేరు ముందే తెలిసి ఉండాలి. 'గులాబీ' అనగా గులాబీ పువ్వు రంగు కాదు, చీరల కొట్లో రాణీ కలర్ చూపించమంటే తీసే రంగు. గోడకూ చెక్కకూ చర్మానికీ సహజంగా ఉండని రంగు కాబట్టి తప్పు జరిగిన చోట కంట్లో పొడిచినట్టు కనబడుతుంది. అంటే అది బొమ్మ రంగు కాదు, సాఫ్ట్‌వేర్ పెట్టే కేక. 'ఇక్కడ ఉండాల్సిన ఫొటో నాకు దొరకలేదు' అని అది తన భాషలో మొత్తుకుంటోంది. ఏ ఫొటో, ఎక్కడ వెతికింది, ఇప్పుడేం చెయ్యాలి అన్నవి మాత్రం ఆ కేకలో లేవు.

'నేనేం చెయ్యలేదు.' ఈ వాక్యం దగ్గర గోష్ఠి గొల్లున నవ్వుతుంది. వ్యాఖ్యాత ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. జరిగింది ఏమై ఉంటుంది? టేకు చెక్క ఫొటో ఒకటి ఇంటర్నెట్ నుంచి దింపుకున్నాడు. అది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడింది. దాన్ని బల్లకు అతికించాడు, అందంగా కుదిరింది, సేవ్ చేశాడు. తర్వాత బుద్ధిమంతుడిలా డౌన్‌లోడ్స్ శుభ్రం చేసి, ఫొటోలన్నీ వేరే ఫోల్డర్‌లో సర్దుకున్నాడు. బొమ్మను ముట్టుకోలేదు. అతని లెక్క ప్రకారం నిజంగానే ఏమీ చెయ్యలేదు. బీరువాను ముందు గదిలోంచి వెనక గదిలోకి జరిపితే లోపలి చీరల రంగు మారుతుందని ఎవరనుకుంటారు? వర్డ్‌లో ఫొటో పెడితే అది ఆ ఫైలులోనే కూర్చుంటుంది, ఫొటోషాప్‌లో పేస్ట్ చేసినా అంతే. ఆ అనుభవంతో అతను చేసిన అనుమానం తీరు సరైనదే, న్యాయశాస్త్రం వ్యాప్తి అనే నియమం, అంటే 'ఫొటో పెడితే ఫైలులోనే ఉంటుంది' అన్నది, ఒక్కటే ఇక్కడ చెల్లలేదు. బ్లెండర్ ఫైలు మామూలుగా ఫొటోను దాచుకోదు, ఫొటో చిరునామాను దాచుకుంటుంది. చిరునామాలో మనిషి లేకపోతే కేక పెడుతుంది. ఇన్‌డిజైన్‌లో పుస్తకాల పేజీలు కట్టినవాడికి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది: 'అక్కడ లింక్ మిస్సింగ్ అని వస్తుంది చూడండి, ఇదీ అదే.' అతను ఏ చదువులు చదివి వచ్చిన బాలుడో తెలిస్తే ఆ ఒక్క ముక్క చాలు. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

'నిన్న బానే ఉంది.' నిపుణుడి చెవికి ఇది వట్టి సణుగుడు. నిజానికి మూలం మొత్తంలో బంగారంలాంటి సాక్ష్యం ఇదే. ఫైలు తెరిచి ఉన్నంతసేపూ ఫొటో కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంటుంది కాబట్టి అసలు ఫొటోను ఎక్కడికి తరలించినా బొమ్మ రంగు చెదరదు. ఫైలు మూసి మర్నాడు తెరిచినప్పుడు బ్లెండర్ చిరునామా పట్టుకుని బయలుదేరుతుంది, అప్పుడు బయటపడుతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఫైలు ఒకసారి మూతపడింది, ఫొటో ఎక్కడో కదిలింది అని ఈ మూడు మాటలే చెబుతున్నాయి. 'ప్లీజ్ అర్జంట్' ఫలశ్రుతి, వ్యాఖ్య అక్కర్లేదు.

ఇంతకీ తేలిందేమిటి? ప్రశ్న అసంపూర్ణం అని పెద్దలు అంటున్నారు గానీ, లక్షణం ఉంది, కాలం ఉంది, చేసిన పని 'చెయ్యలేదు' అనే రూపంలో ఉంది. లేనిది ఒక్కటే, రోగం పేరు. 'మిస్సింగ్ టెక్స్చర్' అనే రెండు మాటలు. ఆ రెండు మాటలే తెలిసి ఉంటే అతను అన్నను పిలిచేవాడే కాదు.

ఇక సమాధాన సూత్రం. 'ప్యాక్ చేసుకోవాల్సింది.' తక్కువ అక్షరాలు, సందేహం లేని తీర్పు, శాస్త్రసమ్మతం. సూత్రలక్షణాలన్నీ కుదిరాయి. ఫొటోను చిరునామాగా కాక సరుకుగానే బ్లెండర్ ఫైలు లోపల పెట్టి మూట కట్టడమే ప్యాక్ చెయ్యడం. అలా చేసి ఉంటే ఈ బాధ వచ్చేది కాదు, నిజమే. అయితే 'చేసుకోవాల్సింది' అన్నది గడిచిపోయిన కాలానికి చెప్పిన విధి. వానలో తడిసి వచ్చినవాడితో గొడుగు తీసుకెళ్ళాల్సింది అన్నట్టు. ఇప్పుడు వెళ్ళి ప్యాక్ నొక్కితే ఏమవుతుంది? దొరకని ఫొటోను మూట కట్టడం బ్లెండర్ వల్ల కాదు, ఇంకో పొరపాటు సందేశం వస్తుంది, అంతే. ముందు ఫొటోను వెతికి ఇవ్వాలి, ప్యాక్ తర్వాతి మాట. జవాబు కారణం చెప్పింది, మందు చెప్పలేదు. పైగా ఏం ప్యాక్ చెయ్యాలి, దేంట్లోకి, ఏ మెనూలోంచి, ఎప్పుడు అన్న నాలుగూ అధ్యాహార్యాలు, అంటే వినేవాడే పూరించుకోవాలి. పాణిని సూత్రాల్లో ముందు సూత్రంలోని మాట తర్వాతి సూత్రంలోకి ప్రవహించి వస్తుంది, దాన్ని అనువృత్తి అంటారు. ముందు సూత్రాలన్నీ కంఠస్థం చేసినవాడికి అది సౌకర్యం, నడుమన వచ్చినవాడికి సూత్రం సగమే వినబడుతుంది. నిపుణుడి నోట రెండే మాటలు వచ్చినా అతని తలలో పదేళ్ళ అనువృత్తి మోగుతూనే ఉంటుంది. ఆ మోత బయటికి వినబడటం లేదని అతనికి తెలియదు.

దీనికి ప్రమాణం ఉంది. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు కొందరిని బల్ల మీద వేళ్ళతో తెలిసిన పాటల దరువు వెయ్యమంది, ఎదుటివారిని ఆ పాటేదో కనుక్కోమంది. దరువు వేసేవాళ్ళు సగం పాటలైనా అవతలివాళ్ళు కనిపెడతారని అంచనా కట్టారు. వేసినవి 120, కనిపెట్టినవి 3. దరువు వేసేవాడి తలలో పాట మొత్తం, వాద్యాలతో సహా, నడుస్తూ ఉంటుంది. వినేవాడికి అందేది టకటక. అవతలివాడు ఇంత తేలిక పాటను పట్టుకోలేకపోవడం చూసి దరువు వేసేవాడికి ఆశ్చర్యమే కలుగుతుంది. 'ప్యాక్ చేసుకోవాల్సింది' అన్న పెద్దాయన మోసగాడూ కాడు, గర్విష్ఠీ కాకపోవచ్చు. టకటకలాడించాడు, అంతే.

ఆక్షేప సమాధానాలు

మాన్యువల్ ఉంది కదా, చదువుకోవచ్చు కదా అని మొదటి ఆక్షేపం. బ్లెండర్ మాన్యువల్ మంచిది, ఉచితం, ఆ విషయంలో పేచీ లేదు. కానీ మాన్యువల్ నిఘంటువు లాంటిది. 1885 నాటి శబ్దరత్నాకరంలో మాట వెతకాలంటే దాని మొదటి అక్షరం తెలియాలి. అమరకోశంలో వెతకాలంటే అది ఏ వర్గంలోదో తెలియాలి. అక్షరమూ తెలియక, వర్గమూ తెలియక, మనసులో అర్థం ఒక్కటే పట్టుకుని వచ్చినవాడికి రెండు గ్రంథాలూ మూసిన తలుపులే. ఎక్స్‌టర్నల్ డేటా గురించి చెప్పే చోటికి 'గులాబీ' పట్టుకుని వెళ్ళే దారి లేదు. తెలుగు డిజైనర్లకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉంది. ఫొటోషాప్‌లో యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు ఊడి పక్కన పడతాయి, 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అవుతుంది. కొత్తవాడు 'ఒత్తులు రావడం లేదు' అనే వెతుకుతాడు, ఇంకేమని వెతుకుతాడు? మందు ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే విభాగంలో ఉంది, వెర్షన్‌ను బట్టి దాని పేరు 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్', లేదా 'వరల్డ్ రెడీ లేఅవుట్'. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో 'వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్'. అమ్మ కింద మావత్తు కోసం వచ్చినవాడు అది ప్రపంచమంతటికీ సిద్ధమైన లేఅవుట్‌లో దాక్కుందని ఏ యోగదృష్టితో చూడాలి? ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు. ఒత్తుకూ వరల్డ్ రెడీకీ మధ్య ఎవరో ఒక మనిషి నిలబడి 'నువ్వు దీన్ని అంటున్నావు, వాళ్ళు దాన్ని అలా అంటారు' అని చెప్పాలి. టీక అంటే మొదటి నుంచీ ఆ పనే. కష్టమైన మాటకు తేలిక మాట చెప్పడమే కాదు, చదువరి మాట నుంచి గ్రంథం మాటకు వంతెన కట్టడం కూడా.

జవాబిచ్చేవాళ్ళు జీతగాళ్ళు కారు కదా అన్నది ఇంతకన్నా బరువైన ఆక్షేపం. పగలంతా పని చేసుకుని, రాత్రి పదింటికి ఒక గంట ఊరికే సాయం చేద్దామని కూర్చున్న మనిషిని నూటొకటోసారి అదే గులాబీ పలకరిస్తే విసుగు రాదా? వస్తుంది, రావాలి కూడా. కొత్తవాళ్ళందరికీ నిపుణులందరూ జవాబులు చెప్పి తీరాలని ఈ టీక అనడం లేదు. విసుగొచ్చినవాడు ఊరుకోవచ్చు, మౌనంలో దోషం లేదు. దోషమల్లా జవాబులా కనబడే మౌనంలో ఉంది. ప్రశ్న కింద జవాబు లేకపోతే దారిన పోయే ఇంకొకరు ఆగి చూస్తారు. 'ప్యాక్ చేసుకోవాల్సింది' అని ఒక పెద్దపేరు కింద కనబడితే 'ఆయన చెప్పేశారుగా' అని సాగిపోతారు. ఆ రెండు మాటలు సాయం చెయ్యకపోవడమే కాదు, వచ్చే సాయానికి అడ్డం కూర్చుంటాయి. సమయం మిగలడం కూడా భ్రమే. కాసేపటికి 'ఎక్కడ ప్యాక్ చెయ్యాలన్నా' అని వస్తుంది, ఆ తర్వాత 'నొక్కాను, ఎర్రర్ వచ్చింది' అని. ఒక్కసారి నాలుగు వాక్యాలు రాసి దాచుకుని ఉంటే, నూటరెండోవాడికి వాటిని చూపిస్తే సరిపోయేది.

'మేమంతా తంటాలు పడే నేర్చుకున్నాం, కష్టపడితేనే విద్య వంటబడుతుంది' అని మరో వర్గం. ఇందులో నిజం ఉంది గనుకనే ఇది ప్రమాదకరం. తంటాల్లో రెండు జాతులున్నాయి. బల్ల మీద వెలుతురు ఎటునుంచి పడితే చెక్క చెక్కలా కనబడుతుంది, మనిషి నడకలో బరువు ఏ కాలి మీద ఉంటుంది అని కొట్టుకోవడం ఒక జాతి. ఆ కష్టం ఎవరూ తప్పించలేరు, తప్పించకూడదు. పెట్టె అంచులు గుండ్రం చేస్తే ఒకవైపు లావు, ఒకవైపు సన్నం ఎందుకు వస్తున్నాయో తెలియక మూడు రాత్రులు కూర్చోవడం రెండో జాతి. పెట్టెను సాగదీశాక స్కేల్ అప్లై చెయ్యలేదు, అంతే. కంట్రోల్, ఏ కలిపి నొక్కి స్కేల్ ఎంచుకుంటే అయిపోయేది. ఆ మూడు రాత్రుల వల్ల శిల్పం రాలేదు, నిద్ర పోయింది. ఇంకా పెద్ద సాక్ష్యం బ్లెండర్ చరిత్రలోనే ఉంది. లోకంలో అన్ని సాఫ్ట్‌వేర్లూ ఎడమ మీట నొక్కితే వస్తువును ఎంచుకుంటే, బ్లెండర్ ఏళ్ళ తరబడి కుడి మీటతో ఎంచుకునేది. కొత్తవాళ్ళు మొదటి రోజే తికమకపడేవారు. అలవాటైతే ఇదే మేలని పాతవాళ్ళు చెప్పేవారు, కారణాలు కూడా చూపేవారు. 2019 జులైలో వచ్చిన 2.8 వెర్షన్‌లో ఎడమ మీటే మామూలు పద్ధతి అయింది. కుడి మీట కావాలన్నవారికి సెట్టింగుల్లో ఉండనే ఉంది. ఎవరి కళా దిగజారలేదు. కొత్తవాడి అజ్ఞానం అని అన్నాళ్ళూ కొట్టిపారేసినది నిజానికి సాఫ్ట్‌వేర్ మీద కొత్తవాడు రాసిన విమర్శ. పాతవాడు ఆ విమర్శ రాయలేడు, అతని వేళ్ళు ఎప్పుడో సర్దుకుపోయాయి.

ప్రశ్న అడిగే పద్ధతి లేదా అన్న ఆక్షేపానికి మాత్రం ఈ వ్యాఖ్యాత తల వంచుతున్నాడు. ఏ వెర్షనో చెప్పకుండా, తెరను ఫోనుతో వంకరగా ఫొటో తీసి, అందులో సగం ట్యూబులైటు ప్రతిబింబం పెట్టి పంపితే ధన్వంతరికైనా రోగం తెలియదు. అడిగేవాడు మూడు చెప్పాలి: ఏ వెర్షన్, ఏం కనబడుతోంది, చివరిసారి బాగున్నప్పటి నుంచి ఇప్పటిదాకా కంప్యూటర్‌లో ఏమేం చేశాడు, బొమ్మతో సంబంధం లేదనుకున్నవి కూడా. పేజీలు కూర్చే టెక్ (TeX) సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ లోకంలో మంచి ఆచారం ఒకటుంది. తప్పు కనబడే అతి చిన్న ఫైలు తయారు చేసి చూపించమంటారు. అది తయారు చేస్తుండగానే చాలామందికి తప్పు తమంతట దొరుకుతుంది. అయితే ఈ పద్ధతి కూడా నేర్పితే వచ్చేదే. పద్ధతి తెలియని మొదటి ప్రశ్నకు పద్ధతి నేర్పే జవాబు ఇవ్వాలి గాని, పద్ధతి లేదన్న తీర్పు కాదు. ఇప్పుడు ఏఐ ఉందిగా, మనిషితో పనేమిటి అని చివరి ఆక్షేపం. అది నవ్వదు, విసుక్కోదు, గులాబీ అన్నా అర్థం చేసుకుంటుంది, బాగానే ఉంది. పాత వెర్షన్‌లోని మెనూను కొత్త వెర్షన్‌లో వెతికించడం దానికి అలవాటు. అదీగాక అది నేర్చుకున్నది ఎవరో ఓపికగల మనుషులు ఒకప్పుడు రాసిపెట్టిన జవాబుల నుంచే. రేపటి వెర్షన్‌కు ఆ జవాబులు ఎవరో ఒకరు ఇవాళ రాయాలి.

విశేషములు

జవాబు ఎంత పొడవుండాలి? మెదక్ సీమలోని కొలిచలమకు చెందిన మల్లినాథసూరి తన వ్యాఖ్యకు రెండు హద్దులు గీసుకున్నాడు. మూలంలో ఆధారం లేనిది రాయడు, అవసరం లేనిది చెప్పడు. కాళిదాసును శతాబ్దాలుగా విద్యార్థులు ఆయన వెంటే చదువుతున్నారు. గులాబీ ప్రశ్నకు ఆ కొలతతో జవాబు రాస్తే ఇలా ఉంటుంది: 'తమ్ముడూ, ఫొటో చెడిపోలేదు, దాని చిరునామా తప్పింది. ఫైల్ మెనూలో ఎక్స్‌టర్నల్ డేటాలో ఫైండ్ మిస్సింగ్ ఫైల్స్ నొక్కి, ఆ ఫొటో ఇప్పుడున్న ఫోల్డర్ చూపించు. రంగు వచ్చాక అదే చోట ప్యాక్ రిసోర్సెస్ నొక్కి సేవ్ చేసుకో, ఇంక ఎక్కడికి తరలించినా పోదు. దీన్ని మిస్సింగ్ టెక్స్చర్ అంటారు.' మొదటి మూడు వాక్యాలూ ఇవాళ్టి బొమ్మను బాగుచేస్తాయి. చివరి వాక్యం అసలు ఖరీదైనది. ఆ పేరు చేతికి వచ్చాక మాన్యువల్ తలుపు తెరుచుకుంటుంది, పాత జవాబులన్నీ కనబడతాయి, వచ్చేసారి అన్నతో పని ఉండదు.

మరి ఇది ఎవరు రాయాలి? పెద్దాయనే అక్కర్లేదు. పెద్దాయన రాయకపోతేనే మేలేమో. గులాబీ చూసి గుండె జారిన అనుభవం ఆయనకు ఏనాడో మరుగునపడింది, నిన్నగాక మొన్న రంగు తెచ్చుకున్నవాడికి ఇంకా పచ్చిగా ఉంది. ఏ మాటతో వెతికి విఫలమయ్యాడో అతనికే గుర్తు. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో రాసిన పుస్తకంలో లైబీరియాలోని దర్జీల దగ్గర పని నేర్చుకునేవాళ్ళ ప్రస్తావన వస్తుంది. అక్కడ శిష్యుడు గుడ్డ కత్తిరించడంతో మొదలుపెట్టడు. ముందు గుండీలు కుట్టడం, అంచులు మడవడం వంటి చివరి పనులు, తర్వాత కుట్టు, అన్నిటికన్నా ఆఖరున కత్తెర. పాడైనా పెద్ద నష్టం రాని చోట చెయ్యి తిరుగుతుంది, బట్ట ఎలా తయారవుతుందో కళ్ళ ముందే కనబడుతుంది, గురువు దగ్గరకన్నా తోటి శిష్యుల దగ్గర నేర్చుకునేదే ఎక్కువ. మన ఊళ్ళో టైలర్ షాపు మూల కూర్చుని కాజాలు కుట్టే కుర్రవాణ్ణి చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ గోష్ఠిలో కాజాలు కుట్టే పని ఏది అంటే, తనకు నిన్న తగిలిన దెబ్బే ఇవాళ తగిలినవాడికి జవాబు చెప్పడం. తప్పు చెబితే దిద్దడానికి పెద్దలు పక్కనే ఉన్నారు. వాళ్ళ సమయం కూడా నూటొక్క గులాబీల మీద కాక, ఆ దిద్దుబాటు మీద ఖర్చవుతుంది. యూట్యూబ్‌లో ఆండ్రూ ప్రైస్ చెప్పిన డోనట్ పాఠం బ్లెండర్ నేర్చుకునేవాళ్ళకు ఓనమాలయింది. మనవాళ్ళు చేసినా ఆకారం గారెదే అనుకోండి, పైన చక్కెర పూత ఒక్కటే తేడా. ఆ పాఠం ముగించిన ప్రతివాడికీ తన వెనక వచ్చేవాడి డోనట్ ఎక్కడ విరుగుతుందో తెలుసు. ఆ తెలివిడి నెల తిరిగేలోపు ఆవిరైపోతుంది. వాడుకోవాల్సింది ఈలోగానే.

నిన్నటి బాలుడు ఇవాళ్టివాడికి చెప్పడమన్నది మన ప్రశ్నకర్త విషయంలో జరగకపోవడానికి అతని తప్పు కూడా ఒకటుంది. రెండు రోజులు కొట్టుకుని, ఎలాగో ఫైండ్ మిస్సింగ్ ఫైల్స్ దొరికి, టేకు చెక్క మళ్ళీ టేకు చెక్కలా మెరిశాక, అతను తిరిగొచ్చి రాసిన మాట కూడా మూలగ్రంథంలో భాగమే: 'సాల్వ్డ్. థాంక్స్ అన్నా.' ఏది సాల్వ్ అయింది, ఎలా అయింది అన్నది లేదు. పెద్దాయన సూత్రంలో ఉన్న లోపమే ఇప్పుడు శిష్యుడి వాక్యంలోకి దిగింది. వారం తిరగకుండా అతనూ టకటకలాడించడం మొదలుపెట్టాడు. కాబట్టి చదువరులకు ఒక్క మనవి. బ్లెండరైనా, ఫొటోషాపైనా, మీ బొమ్మ రంగు తిరిగొచ్చిన రోజున వెనక్కి వెళ్ళి మీ ప్రశ్న కిందే, ఏ మెనూలో ఏది నొక్కారో, దాన్ని వాళ్ళేమంటారో, మీరు మొదట దాన్ని ఏమన్నారో రాసిపెట్టండి. 'గులాబీ' అన్న మాట మాత్రం కొట్టెయ్యకండి, మీ తర్వాత వచ్చేవాడు వెతికేది ఆ మాటతోనే.